కళ్లు మూసుకుంటే కుదరలేదు, తుంగ తవ్వితే కుదిరింది

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మనశ్శాంతి గురించి రెండు పేజీల వ్యాసం వేశారు. బొమ్మలో ఒకమ్మాయి తెల్ల బట్టలు కట్టుకుని సముద్రం ఒడ్డున కళ్లు మూసుకుని కూర్చుంది. ఊపిరి ఎలా పీల్చాలో, ఫోన్లో ఏ యాప్ వేసుకోవాలో, ఏ రిసార్టుకు వెళ్తే మనసు తేలికపడుతుందో అన్నీ రాశారు, రిసార్టు రేట్లతో సహా. తప్పేమీ లేదు, కుదిరినవాళ్లకు కుదురుతుంది. కానీ ఆ రెండు పేజీల్లో ఎక్కడా ఒక్క మనిషి చేతికీ మట్టి అంటలేదు, ఒక్కరి ఒంటికీ చెమట పట్టలేదు. అది చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. కాస్త పొడుగైంది. మధ్యలో ఎక్కడ కత్తిరించినా మీ ఇష్టం, చివర ఇచ్చిన ఫోన్ నంబరు మాత్రం తీసేయకండి.

నేను 33 ఏళ్లు ఒక బ్యాంకులో చేసి, ఇంకా మూడేళ్ల సర్వీసు ఉండగానే బయటికొచ్చేశాను. ఇప్పుడు నాకు 61. ఉండేది విజయనగరంలో. బయటికి ఎందుకొచ్చానంటే, ఒక మార్చి ఆఖరి వారంలో రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి, గుండె దడదడా కొట్టుకుంటూ, అరచేతుల్లో చెమటలు పోస్తూ, ఊపిరి అందక, అయిపోయింది ఇక నా పని అనుకున్నాను. మా ఆవిడ పక్కింటి కుర్రాణ్ణి లేపి కారులో ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఈసీజీ బాగుంది. రక్తపరీక్షలు బాగున్నాయి. గ్యాస్ అన్నారు. పది రోజులకు మళ్లీ అదే, మళ్లీ గ్యాసే. మూడోసారి డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు నా మొహం వంక కాసేపు చూసి, సార్ మీరు ఒకసారి సైకియాట్రిస్టుకు చూపించుకోండి అని మెల్లగా చెప్పాడు. ఆ మాటకు మా ఆవిడకు కన్నీళ్లొచ్చాయి, నాకు కోపం వచ్చింది. ఇప్పుడు తలచుకుంటే ఆ కుర్ర డాక్టరుకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

మందులు రాశారు, వాడాను. దడ తగ్గింది. ఉద్యోగం వదిలేశాను. ఇక చుట్టాలూ స్నేహితులూ అందరిదీ ఒకటే పాట, రెస్టు తీసుకోండి, రెస్టు తీసుకోండి. తీసుకున్నాను. అదే నా కొంప ముంచింది.

వరండాలో పడక్కుర్చీ వేసుకుని కూర్చుంటే ఏమవుతుందో రెస్టు తీసుకోమన్నవాళ్లకు తెలియదు. ఆవు నెమరేసినట్టు మనసు నెమరేయడం మొదలుపెడుతుంది. 1998లో ఒక లోను ఫైలు మీద పెట్టిన సంతకం దగ్గర్నించి, ఎప్పుడో రీజనల్ ఆఫీసులో అందరి ముందూ పడ్డ చీవాట్ల దాకా, అయిపోయినవీ కానివీ అన్నీ ఒకదాని వెనక ఒకటి పైకొచ్చేవి. ఆవుకైతే నెమరేస్తే అరుగుతుంది, మనకు అరగదు, ఎన్నిసార్లు నమిలినా అంతే ముద్ద. ధ్యానం కూడా చేశాను, చేయలేదని అనుకోకండి. రోజుకు ఇరవై నిమిషాల చొప్పున రెండు నెలలు. ఆలోచనలను మబ్బుల్లా పోనివ్వండి అంటుంది యాప్‌లో అమ్మాయి. నా మబ్బులు పోవు తల్లీ, నెత్తి మీదే నిలబడి కురుస్తాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఊపిరి మీద దృష్టి పెట్టమంటారు కదా, ఊపిరి అందడం లేదన్న భయంతో ఆస్పత్రికి పరిగెత్తినవాడికి ఊపిరినే గమనించమంటే ఎలా ఉంటుందో ఊహించండి, ప్రతి ఊపిరీ సరిగ్గా లోపలికి వెళ్లిందో లేదో అని లెక్క చూసుకోవడమే సరిపోయేది.

మా ఇంటి పక్కన 3 సెంట్ల ఖాళీ జాగా ఉంది, అంటే సుమారు 145 గజాలు. అబ్బాయి ఇల్లు కట్టుకుంటాడని ఎప్పుడో కొన్నాం. వాడు అమెరికాలో స్థిరపడ్డాడు, జాగాలో తుంగా గరికా వయ్యారిభామా స్థిరపడ్డాయి. నాలుగేళ్ల కిందట వానాకాలంలో అందులోంచి ఒక పాము మా వంటింటి గుమ్మం దాకా వచ్చింది. మా ఆవిడ ఆ జాగా బాగు చేయిస్తే గానీ వంట చెయ్యనంది. కూలీకి కబురు చేస్తే వరి నాట్ల రోజులు, ఒక్కరూ ఖాళీ లేరు. ఏం చెయ్యాలో తోచక నేనే పార పట్టుకున్నాను. మా ఇంట్లో మగవాళ్లు పార పట్టడం అదే మొదలు, మా తాతల నాటి నుంచీ మాకు పొలం ఉండేది కానీ పొలంలో దిగిన పాదాలు మాత్రం మావి కావు.

ఇరవై నిమిషాలకు కూలబడ్డాను. అరచేతుల్లో రెండు బొబ్బలు. నడుం పట్టేసింది. చేసిన పని చూస్తే ఒక మంచమంత మేర కూడా లేదు. కానీ ఆ రాత్రి పదింటికి పడుకుంటే తెల్లవారి అయిదింటికి మెలకువ వచ్చింది. మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు. ఏడెనిమిది నెలల్లో అలాంటి నిద్ర అదే మొదటిది. మా ఆవిడ భయపడి రెండుసార్లు నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట.

అసలు సంగతి తర్వాత జరిగింది. పది రోజులు పారతో చెక్కేశాను, జాగా నున్నగా అయింది, మురిసిపోయాను. ఒక వాన పడింది. వారం తిరిగేసరికి తుంగ మళ్లీ నిగనిగలాడుతూ లేచింది, మొదటికన్నా ఒత్తుగా. అప్పుడే మా వీధిలో ఇళ్ల పనికీ పొలం పనికీ వెళ్లే ఒకావిడ అటు పోతూ ఆగింది. ఆవిడ పేరు రాయను, రాయొద్దంది. నన్ను చూసి నవ్వి, "ఏటి బాబూ అలా నరికేస్తన్నారు? పైన కోసేస్తే తుంగ సస్తాదేటి? గెడ్డ కిందనే ఉంది గదా" అంది. పలుగు తీసుకుని, మొక్క పక్కన దించి, మట్టి పెళ్లను లేపి చూపించింది. కింద నల్లగా శనగగింజంత గడ్డ, దానికి దారంలాంటి వేరు, ఆ వేరు పట్టుకుని జానెడు పోతే ఇంకో గడ్డ, అక్కణ్ణుంచి ఇంకోటి. గొలుసు. పైన కోసినకొద్దీ కింద గడ్డలన్నీ మేలుకుని తలో మొలకా వేస్తాయి. వీటినే ఆయుర్వేదం కొట్లలో తుంగముస్తెలని అమ్ముతారు, ఆ సువాసన మట్టిలోంచి తీసినప్పుడు ఇంకా బాగుంటుంది. "నిలబడి కాదు, కూకోని తియ్యండి. దారం తెగకుండా పోవాల" అంది వెళ్తూ.

కూర్చున్నాను. అప్పటినుంచీ రోజూ పొద్దున్న అయిదున్నర నుంచి ఏడు వరకు కూర్చుంటూనే ఉన్నాను.

తుంగ తవ్వడంలో ఏముందో చెప్పడం కష్టం, ప్రయత్నిస్తాను. నేల మరీ ఎండితే దారం తెగిపోతుంది, మరీ బురదైతే గడ్డ కనపడదు, వాన పడిన రెండో రోజు సరైన రోజు. ఎడమచేత్తో మొక్కను మొదట్లో పట్టుకోవాలి, లాగకూడదు, పట్టు ఉంచాలి అంతే. కుడిచేత్తో చిన్న ఇనపచువ్వ దించి మట్టిని వదులు చేయాలి. దారం ఎటు పోతోందో వేళ్లకే తెలుస్తుంది, కళ్లకు తెలియదు. ఒక్క క్షణం మనసు రీజనల్ ఆఫీసుకు వెళ్లిందా, పుటుక్కున తెగుతుంది. తెగితే ఇక ఆ గడ్డ ఎక్కడుందో భగవంతుడికే తెలియాలి. ధ్యానంలో మనసు పక్కకు పోతే ఎవరికీ నష్టం లేదు, మనకే తెలియదు కూడా, ఇక్కడ మటుకు అప్పటికప్పుడు తెలిసిపోతుంది. గంటన్నరలో ఒక తట్ట నిండుతుంది. ఆ తట్ట పక్కన కూర్చుని మంచినీళ్లు తాగుతుంటే వచ్చే సుఖం, ఏ మార్చి 31న టార్గెట్ పూర్తయినప్పుడూ నాకు రాలేదు. ఎందుకంటే అక్కడ ఏప్రిల్ ఒకటిన మళ్లీ సున్నా దగ్గర నిలబెడతారు. మరి తుంగ కూడా మళ్లీ వస్తుంది కదా అంటారా? వస్తుంది. నాలుగేళ్లయినా మూల మూలల ఇంకా వస్తూనే ఉంది. కానీ ఎందుకొచ్చిందని సంజాయిషీ అడిగేవాడు లేడు. ఆ తేడా చిన్నది కాదు.

ఇంకోటి నాకు చాలా రోజులకు గానీ అర్థం కాలేదు. పార వేస్తున్నప్పుడు గుండె దడదడా కొట్టుకుంటుంది, చెమట కారుతుంది, ఆయాసం వస్తుంది. అచ్చం ఆ మార్చి రాత్రి ఎలాగో అలాగే. మొదట్లో ఆ దడ రాగానే భయపడి పార వదిలేసి గోడకానుకుని కూర్చునేవాణ్ణి. రెండు నిమిషాలకు దడ దానంతటదే దిగిపోయేది. మళ్లీ లేచేవాణ్ణి, మళ్లీ దడ, మళ్లీ దిగడం. ఇలా వందలసార్లు జరిగాక, దడ వస్తే చచ్చిపోతామన్న నమ్మకం ఒంట్లోంచి ఎప్పుడు పోయిందో తెలియకుండా పోయింది. మా డాక్టరు గారితో అంటే ఆయన నవ్వి, మేం కావాలని చేయించేది అదేనండీ అన్నారు. పానిక్, అంటే నాకు వచ్చినట్టు ఉన్నట్టుండి దడా భయమూ ముంచుకొచ్చే జబ్బు, ఉన్నవాళ్లను మెట్లెక్కించడం, ఉన్నచోటే పరిగెత్తించడం లాంటివి చేయించి, ఆ దడను కావాలని తెప్పించి, దానితో ఏ ప్రమాదమూ లేదని ఒంటికి అలవాటు చేసే పద్ధతి వైద్యంలో ఉందట. గుండె పరీక్షలన్నీ బాగున్నవాళ్లకే సుమా, అది చూసుకోకుండా ఎవరూ పార ఎత్తకండి. నాకు పుస్తకం చెప్పకుండానే పార ఆ వైద్యం చేసింది.

తర్వాత కుతూహలం కొద్దీ చదివితే తెలిసింది, జపాన్‌లో మొరితా షోమా అని ఒక సైకియాట్రిస్టు నూరేళ్ల కిందటే పనిని మందుగా వాడాడు. 1874లో పుట్టి 1938లో పోయాడు. ఆయన పద్ధతిలో రోగిని మొదట కొన్నాళ్లు ఒక గదిలో ఒంటరిగా పడుకోబెడతారు, చదవకూడదు, ఎవరితో మాట్లాడకూడదు, తిండికీ కాలకృత్యాలకూ తప్ప లేవకూడదు. నా వరండా పడక్కుర్చీ లాగే ఉంది కదా అనుకున్నాను, కానీ కిటుకేమిటంటే, అలా పడుకుని పడుకుని విసుగెత్తి, మనిషే ఏదో ఒక పని ఇవ్వండి బాబూ అనే దాకా ఉంచుతారు. అప్పుడు తోటలో ఆకులేరడం లాంటి చిన్న పని. ఆ తర్వాత కట్టెలు కొట్టడం, తవ్వడం లాంటి బరువు పని. ఆ తర్వాత ఇంటికి, మామూలు బతుకులోకి. భయం తగ్గాక పని చేద్దాం అని కూర్చోకు, భయం భయంగానే ఉండనీ, చేతిలో పని చెయ్యి, ఇదీ ఆయన చెప్పినదాని సారం. ఆయనకే చిన్నప్పుడు ఈ గాభరాలన్నీ ఉండేవట. వైద్యవిద్య చదివేటప్పుడు ఇంటి నుంచి డబ్బు రాలేదని తండ్రి మీద అలిగి, మందులన్నీ మానేసి, చస్తే చస్తానని పరీక్షలకు కూర్చుని చదివితే, జబ్బు లక్షణాలు కాస్తా మాయమయ్యాయట. అయితే ఇది చదివి మందులు మానేసే మహానుభావులు ఎవరైనా ఉంటారేమో, మానకండి. నేను 14 నెలలు వాడాను, డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాకే ఆపాను.

నేను పార పట్టిన వార్త వీధిలో పాకడానికి రెండు రోజులు పట్టింది. మేనేజరు గారు మట్టి పిసుక్కుంటున్నారు, పాపం ముదిరినట్టుంది అన్నారట ఒకరు. అబ్బాయి వీడియో కాల్‌లో, నాన్నా నీకేం ఖర్మ, నేను డబ్బు పంపిస్తా మాలీని పెట్టుకో అన్నాడు. ఒకసారి నడుం పట్టేసి మూడు రోజులు లేవలేకపోతే, తల్లీకొడుకులు ఫోన్లో మాట్లాడుకుని పారా పలుగూ అటక మీద దాచేశారు. నాకు చైనా కథ ఒకటి గుర్తొచ్చింది. పన్నెండు వందల ఏళ్ల కిందట బైజాంగ్ అని ఒక బౌద్ధ గురువు ఉండేవాడు, ముసలితనంలో కూడా శిష్యులతో పాటు పొలం పని చేసేవాడు. చూడలేక శిష్యులు ఆయన పనిముట్లు దాచేశారట. ఆయన ఏమీ అనకుండా అన్నం మానేశాడట. పని చేయని రోజు తిండి లేని రోజు అని. నేను అన్నం మానే రకం కాదు, మా ఆవిడ గుత్తివంకాయ ముందు ఏ గురువూ నిలబడడు, కానీ నాలుగో రాత్రికి నిద్ర పట్టక వరండాలో తిరుగుతుంటే, ఆవిడే స్టూలు వేసుకుని పార దింపి ఇచ్చింది.

ఆవిడ గురించి ఇంకో మాట చెప్పాలి, చెప్పకపోతే ఈ ఉత్తరం అబద్ధం అవుతుంది. ఒకరోజు నేను ఉత్సాహంగా శ్రమలో ఎంత ప్రశాంతత ఉందో అని వర్ణిస్తుంటే, గిన్నెలు తోముతూ వెనక్కి తిరగకుండానే అంది, "ముప్పై ఏళ్ల నుంచి రోజుకు రెండుసార్లు తోముతున్నాను, నాకెప్పుడూ రాలేదేమండీ ఆ ప్రశాంతత?" నోట మాట రాలేదు. ఆ సాయంత్రం నుంచి గిన్నెలు నేను తోముతున్నాను. నాకేమో బాగానే ఉంటుంది, వేడినీళ్లు, నురగ, ఒక్కొక్కటీ తళతళలాడుతూ బోర్లించడం. ఆవిడకు ఎందుకు లేదో ఇప్పుడు తెలుసు. నేను తోమకపోతే ఎవరూ ఏమీ అనరు. ఆవిడ తోమకపోతే అడగడానికి ఇంటిల్లిపాదీ సిద్ధం. నేను తోమితే పక్కింటావిడ మెచ్చుకుంటుంది, ఆవిడ తోమితే అది పని కిందే లెక్క కాదు. ఇప్పుడు ఆవిడ ఆ సమయంలో ఏం చేస్తుందంటే, ఏమీ చేయదు, అదే నా పడక్కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. ఆవిడకు అందులో ఉంది ప్రశాంతత.

తుంగ చూపించినావిడ ఇంకా సూటిగా చెప్పింది. చిక్కుడు పాదుకు పందిరి వేయడానికి సాయం పిలిచి, కలుపు తీస్తున్నప్పుడు మనసుకు హాయిగా ఉంటుంది కదా అన్నాను, తెలివితక్కువగా. "మీకిది సరదా బాబూ, మాకు కూలి. కలుపు తీస్తన్నప్పుడు బుర్రలోన ఏటుంటాది? డ్వాక్రా కిస్తీ ఉంటాది, గుంటడి ఫీజుంటాది" అంది. ఆవిడ భర్త చెన్నైలో భవనాల పనికి వెళ్లి ఏడాదికి రెండుసార్లు వస్తాడు, మా ఉత్తరాంధ్ర ఊళ్లలో సగం ఇళ్ల కథ అదే. రోజంతా ఒళ్లు హూనం చేసుకున్నా ఆవిడకు రాత్రి నిద్ర పట్టదట. నా సిద్ధాంతమంతా ఆ పందిరి కింద కూలిపోయింది. ఒళ్లు అలిసిపోవడమే మందైతే ఈ దేశంలో ఆవిడకన్నా ఆరోగ్యవంతులు ఉండకూడదు. 2022లో మన దేశంలో 11,290 మంది రైతులూ వ్యవసాయ కూలీలూ ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అందులో కూలీలే ఎక్కువ. వాళ్లకు శ్రమ తక్కువై పోలేదు.

అందుకే మా బాబాయి లాంటివాళ్లతో నాకు పేచీ. ఇవన్నీ కడుపు నిండిన రోగాలు, నాలుగు రోజులు ఒళ్లు వంచి పని చేస్తే టెన్షనూ లేదు గిన్షనూ లేదు అంటాడు ఆయన. పొద్దున్న మంచం మీంచి లేవడమే కొండ ఎక్కినట్టున్న మనిషితో ఆ మాట అనడం కన్నా క్రూరత్వం లేదు. మందుల ముందు నేనూ అలాగే ఉన్నాను, అప్పుడు ఎవరైనా పార చేతిలో పెడితే ఏడ్చేవాణ్ణి. మందులు నన్ను మంచం మీంచి లేపాయి, పార ఆ తర్వాతి సంగతి చూసుకుంది. ఇక శ్రమ గొప్పతనం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు, తమ ఇంట్లో పనిమనిషికి వారానికి ఒక సెలవిస్తున్నారో లేదో ముందు చెప్పి ఆ తర్వాత మొదలుపెడితే బాగుంటుంది. నాకు పని బాగున్నది అది నాది కాబట్టి, ఎప్పుడు ఆపాలన్నది నా చేతిలో ఉంది కాబట్టి, ఎండెక్కగానే ఇంట్లోకి వచ్చి ఫ్యాన్ కింద కూర్చోగలను కాబట్టి, పెన్షన్ వస్తుంది కాబట్టి. పదకొండు గంటల ఎండలో వంగి ఉన్నవాళ్లకు ఇందులో ఏదీ లేదు.

అయినా మీ వ్యాసం చదివేవాళ్లలో ఎక్కువమంది నాలాంటివాళ్లే కదా, కుర్చీలో పుట్టి కుర్చీలో పెరిగినవాళ్లు. వాళ్ల కోసమే చెబుతున్నాను. మేం జిల్లా పరిషత్ హైస్కూల్లో చదువుకునేటప్పుడు వారానికి రెండు క్రాఫ్టు పీరియడ్లు ఉండేవి. చేతిపనితోనే చదువు చెప్పాలన్న గాంధీగారి నయీ తాలీం తాలూకు తోకముక్క అన్నమాట, 1937లో వార్ధాలో పుట్టిన ఆలోచన మా బడికి వచ్చేసరికి నూలు వడికే ఒక తకిలీ, ఒక పత్తి ఏకు, తోటలో నాలుగు వంగమొక్కలు మిగిలాయి. మా క్రాఫ్టు మాస్టారిది పొందూరు వైపు. అక్కడ కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారని ఆ దవడను తెచ్చి చూపించేవారు, సన్నటి పళ్లు, దువ్వెన లాగే. తకిలీ తిప్పుతుంటే పోగు తెగేది, మళ్లీ అతికేవాళ్లం, మళ్లీ తెగేది. నలభై మంది అల్లరి పిల్లలున్న క్లాసు ఆ ఒక్క పీరియడులో గుసగుస కూడా లేకుండా ఉండేది, బెత్తం అవసరం ఉండేది కాదు. తర్వాత్తర్వాత దాని పేరు మార్చి సమాజోపయోగ ఉత్పాదక శ్రమ అని పెద్ద పేరు పెట్టారు, పేరు పెరిగినకొద్దీ పీరియడ్ తరిగింది, ఇప్పుడు లెక్కల మాస్టారు దాన్ని స్లిప్ టెస్టుకు వాడుకుంటున్నారని మా మేనకోడలు చెప్పింది. పదో తరగతి పిల్లలు టెన్షన్‌తో ఆస్పత్రుల పాలవుతున్నారని మీరే వార్తలు వేస్తారు, ఆ పిల్లల చేతికి రోజుకు ఒక్క గంట పెన్ను కాకుండా ఇంకేదైనా ఇవ్వండని మాత్రం ఎవరూ రాయరు.

తోటే అక్కర్లేదు. మా ఫ్రెండ్ ఒకాయన రిటైరయ్యాక పాత సైకిళ్లు విప్పి గ్రీజు పెట్టి బిగిస్తాడు, అపార్టుమెంట్‌లో ఉంటాడు కాబట్టి అదే ఆయనకు పొలం. చపాతీ పిండి కలపడం, రోట్లో పచ్చడి నూరడం, మెట్లు కడగడం, ఏదైనా సరే. నా అనుభవంలో రెండు సంగతులు చూసుకోవాలి, చెవిలో ఇయర్ ఫోన్స్ ఉండకూడదు, చేసినదాన్ని ఫొటో తీసి స్టేటస్ పెట్టకూడదు. పెట్టారంటే అదీ ఒక టార్గెట్ అయి కూర్చుంటుంది. నేను మొదటి ఆనపకాయ కాసినప్పుడు పెట్టాను, ఎవరెవరు చూశారో అని సాయంత్రం దాకా ఫోన్ తిప్పుతూనే ఉన్నాను, ఆ రోజు తుంగ ముట్టుకోలేదు. ధనుర్వాతం ఇంజెక్షన్ చేయించుకోవడం, చెప్పులు వేసుకుని దిగడం లాంటివి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

చివరగా నంబరు. మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలీ మానస్ అని ఒక ఫోన్ సేవ మొదలుపెట్టింది, 14416కు ఫోన్ చేస్తే చాలు, పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. తుంగ చూపించినావిడకు కాగితం మీద రాసిచ్చాను. "ఫోన్లోన సెప్పుకుంటే నిద్దరొస్తాదా బాబూ?" అంది. వస్తుందని చెప్పలేకపోయాను, ఒకసారి చేసి చూడమన్నాను. మొన్న వాన పడి పని లేని రోజున చేసిందట. అరగంట మాట్లాడారట, మధ్యలో ఒక్కసారి కూడా పెట్టేయలేదట, పెద్దాసుపత్రిలో ఫలానా రోజు రమ్మన్నారట. ఆ రోజు కూలి పోతుందని ఆలోచిస్తోంది. ఆ కూలి నేనిస్తానన్నాను, ఊరికే ఇస్తే తీసుకోదు కాబట్టి మర్నాడు వచ్చి ఈశాన్యం మూలన మిగిలిన తుంగ తీసిపెడతానంది, బేరం కుదిరింది.

మీరు ఈసారి మనశ్శాంతి మీద వ్యాసం వేసేటప్పుడు ఆ రిసార్టు రేట్లున్న చోట ఈ నంబరు వేయండి. లావు అక్షరాల్లో వేయండి, ఆవిడ కళ్లజోడు లేకుండా చదువుకోగలిగినంత.

ఇట్లు,
మీ పాఠకుడు,
విజయనగరం